ఐదోతనం, అలంకరణ, అధికారం: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల సౌందర్యాచారాల చారిత్రక పరిశీలన

ప్రవేశిక

తెలుగునాట సంప్రదాయ సౌందర్యాచారాలను గురించిన రచనలు ఎక్కువగా రెండు దారుల్లో సాగాయి. మొదటిది వైద్య దృష్టి. పసుపు, కుంకుడు, సీకాయ, గోరింటాకు మొదలైన ద్రవ్యాల గుణాలను వివరించడం దాని ప్రయోజనం. రెండవది జానపద సాహిత్య దృష్టి. నలుగు పాటలను, పెళ్ళి పాటలను, మంగళహారతులను సేకరించి వర్గీకరించడం దాని పని. మొదటి దారిలో ద్రవ్యం కనిపిస్తుంది, దానిని వాడిన స్త్రీ కనిపించదు. రెండవ దారిలో స్త్రీ కనిపిస్తుంది. అయితే ఆమె వేడుక నడుమ పీట మీద కూర్చున్న స్త్రీ. ఆ పీట దరిదాపులకు రాకూడదని ఆచారం నిర్దేశించిన స్త్రీ ఆ సేకరణల్లోనూ చోటు పొందలేదు.

ఏ ద్రవ్యాన్ని ఎలా వాడారనే ప్రశ్నకు ఎవరు వాడవచ్చుననే ప్రశ్నను జోడించినప్పుడే సౌందర్యాచారాల చరిత్ర పూర్ణమవుతుంది. చిత్తూరు సీమ పడమటి భాగంలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు ఈ పరిశీలనకు తగిన క్షేత్రాలు. అలంకరణ మీద ఉన్న నిషేధాన్ని ఎదిరించిన కవయిత్రి చరిత్ర, భర్త లేకుండానే పసుపు కుంకుమలతో పూజలందుకొనే గ్రామదేవత ఆరాధన, మూడు భాషల కూడలిలో నిలిచిన పదజాలం ఈ సీమలో ఒక్కచోట లభిస్తాయి.

మూడు పట్టణాలు, మూడు పాలనలు

ఈ మూడు పట్టణాలను నేడు ఒక సీమగా భావిస్తున్నా వాటి పూర్వచరిత్రలు వేరు. 1800లో నిజాము నుంచి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించిన దత్తమండలాలలో భాగంగా మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు, కంగుంది జమీందారీలు ఉత్తర ఆర్కాటు జిల్లాకు చెందినవి. కుప్పం కంగుంది జమీందారీలోని ఊరు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇవన్నీ ఒకే పాలన కిందికి వచ్చాయి. పుంగనూరు పాలకులైన సుగుటూరు వంశీయులకు కోలారు సీమతో సంబంధం ఉంది. కుప్పం ఇటు కన్నడ దేశానికి, అటు తమిళ దేశానికి సరిహద్దు. 1864లో నడక మొదలైన జోలార్‌పేట, బెంగుళూరు రైలుమార్గం కుప్పం మీదుగానే సాగింది. అందువల్ల ఈ ప్రాంతపు స్నానాలంకరణ విధానాలలో తెలుగు, కన్నడ, తమిళ సంప్రదాయాలు కలగలిసి ఉండటం సహజం.

ద్రవ్యాలు, వాటి పుట్టుక

ఈ సీమ మెట్టభూముల సీమ. వాన తక్కువ. చెరువులు, బావులు, కొండవాలు అడవులు ఇక్కడి జీవనాధారాలు. సౌందర్యద్రవ్యాలు కూడా ఆ భూమి నుంచి వచ్చినవే. చేను నుంచి ఆముదాలు, నువ్వులు, పెసలు, శనగలు వచ్చేవి. గానుగ నుంచి నూనె, తెలకపిండి వచ్చేవి. పాడి నుంచి వెన్న, మీగడ, పెరుగు సమకూరేవి. పొట్టి జాతిగా ప్రసిద్ధి పొందిన పుంగనూరు ఆవు పాలలో వెన్నశాతం ఎక్కువ. కుంకుడుకాయ, సీకాయ, చికిరేణి ఆకు అడవుల నుంచి, బీళ్ళ నుంచి వచ్చేవి. పెరటి నుంచి గోరింటాకు, గుంటగలగరాకు, మందార, మరువం లభించేవి. పసుపు కొమ్ములు, కస్తూరి పసుపు, కచ్చూరాలు, వట్టివేళ్ళు, సాంబ్రాణి సంత సరుకులు.

వీటి వాడుకలో ఒక క్రమం ఉంది. మొదట నూనె అంటుతారు. ఒంటికి పట్టిన నూనెను పెసరపిండి లేదా శనగపిండి పీల్చుకొంటుంది. పిండి పలుకు మురికిని రాపాడి తీస్తుంది. తలకు పట్టిన నూనెను కుంకుడు, సీకాయల నురగ వదిలిస్తుంది. ఆ నురగకు కారణం వాటిలోని సాపోనిన్లు. కఠినజలంలో సబ్బు కాల్షియం, మెగ్నీషియం లవణాలతో కలిసి తెట్టు కడుతుంది. సాపోనిన్ల నురగకు ఆ చిక్కు లేదు. బావినీటి మీద ఆధారపడిన మెట్టసీమలో కుంకుడుకు ఈ గుణం అదనపు బలం. చివరగా తల ఆరడానికి సాంబ్రాణి పొగ, కళ్ళకు కాటుక, జడకు పూలు. కాటుకను ఆముదపు దీపం మసి నుంచి ఇంట్లోనే తయారు చేసేవారు.

ఈ క్రమం ఇల్లాలి చేతిలో ముగిసినా ఆమెతో మొదలు కాలేదు. కాయ ఏరినవారు, గానుగ ఆడించిన గాండ్లవారు, పెళ్ళిళ్ళలో వరునికి క్షౌరం, గోళ్ళు తీయడం నిర్వహించిన మంగలివారు, పూలు పెంచినవారు, అందరి శ్రమ ఇందులో ఉంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరువాత అడవి సరుకు సేకరణ ప్రభుత్వ నియంత్రణ కిందికి వచ్చింది. ప్రకృతి ఉచితంగా ఇచ్చిందని నేడు చెప్పుకొనే కాయకు అప్పటికే అనుమతి, పన్ను, దళారి అనే మూడు అంచెలు ఏర్పడ్డాయి.

ఇవే ద్రవ్యాలు కొండ మీద దేవుని సేవలోనూ ఉన్నాయి. తిరుమల శుక్రవారాభిషేకాన్ని వర్ణిస్తూ అన్నమయ్య రచించిన కీర్తనలో పచ్చకర్పూరం, తట్టుపునుగు ప్రస్తావనకు వచ్చాయి. ఇంటి ఆడపడుచుల తలంటికీ, దేవుని అభిషేకానికీ శుక్రవారమే విశేషదినం కావడం గమనార్హం. ఇంటి స్నానం, గుడి స్నానం ఒకదాని నమూనాగా మరొకటి నడిచాయని దీనివల్ల ఊహించవచ్చు.

మాటల సాక్ష్యం

రాతపత్రాలు అందించని చరిత్రను కొన్నిసార్లు మాటలు అందిస్తాయి. నలుగు అనే నామానికి నలగడం, నలపడం అనే క్రియలతో ఉన్న బంధుత్వం పైకే కనిపిస్తుంది. తెలుగులో నలుగు ఒంటికి రుద్దే పిండికీ, రుద్దే వేడుకకూ పేరు. తమిళంలో నలంగు ప్రధానంగా పెళ్ళివేడుక పేరు. కుప్పం వంటి సరిహద్దు ఊళ్ళలో ఈ రెండర్థాలూ పక్కపక్కనే మనగలిగాయి. ఒకే మాట ఒక భాషలో పదార్థం వైపు, మరొక భాషలో క్రతువు వైపు మొగ్గింది.

సీకాయను శిఖకు వాడే కాయగా వివరించడం పరిపాటి. కాని కన్నడంలో సీగె అనేది ఆ తీగకే పేరు. శిఖ శబ్దంతో ముడిపెట్టడం దేశిపదానికి తరువాత తొడిగిన సంస్కృత వేషంగా తోస్తుంది. తెలుగు కుంకుడును కన్నడిగులు అంటువాళ అంటారు. తెలుగు తలంటులోని అంటు పూయడాన్ని సూచిస్తుంది. చికిరేణిని తమిళులు ఉసిలై అంటారు, దాని ఆకుపొడిని అరప్పు అంటారు. సీకాయ కొనలేని ఇంట ఈ ఆకుపొడి తలస్నానానికి అక్కరకు వచ్చేది. ద్రవ్యానికి పేరు మారడం భాషాభేదం. ద్రవ్యమే మారడం ఆర్థికభేదం. పదకోశాలు మొదటిదానిని నమోదు చేసినంతగా రెండవదానిని నమోదు చేయలేదు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలతో 1962లో, చేనేత పదాలతో 1971లో వెలువడింది. తెలుగు పరిశోధనలో అది మేలిమలుపు. అయితే వృత్తి అనే గీటురాయి మీద ఇంటి పెరట్లో జరిగే పని సాధారణంగా నిలవదు. కాటుక పట్టడం, సున్నిపిండి కొట్టడం, నూనె కాచడం నైపుణ్యంతో కూడిన పనులే. అవి కూలి రాని పనులు కావడం వల్ల వాటి పదజాలం అంగడి పదజాలమంత త్వరగా పరిశోధకుని చెవిన పడలేదు.

ఐదోతనం: ఒక పదం, రెండు లెక్కలు

అలంకరణకు సంబంధించి తెలుగులో అత్యంత బరువైన మాట ఐదోతనం. పసుపు, కుంకుమ, కాటుక, పూలు, గాజులు అనే ఐదు చిహ్నాలు గలది కనుక ఐదువ అని లోకంలో వివరిస్తారు. కొందరు ఈ పట్టికలో మట్టెలనో మంగళసూత్రాన్నో చేరుస్తారు. పట్టిక మారినా లెక్క ఐదే. నిఘంటుకారులు మాత్రం ఐదువ శబ్దాన్ని సంస్కృత అవిధవా శబ్దానికి వికృతిగా గుర్తించారు. కన్నడంలోని ఐదె, ముత్తైదె, తెలుగులోని ముత్తైదువ ఈ కుటుంబానికే చెందుతాయి.

ఈ రెండు వ్యుత్పత్తుల నడుమ ఉన్న దూరమే ఈ విషయానికి కీలకం. లోకవ్యుత్పత్తి స్త్రీ ఒంటి మీది వస్తువులను లెక్కిస్తుంది. శాస్త్రవ్యుత్పత్తి ఆమె భర్త ఉన్నాడా లేడా అని లెక్కిస్తుంది. శబ్దం మూలార్థం విధవ కానిది అని. అంటే అలంకరణ పొందిన స్త్రీకి వచ్చిన గౌరవనామం, అలంకరణ కోల్పోయిన స్త్రీని వ్యతిరేకించడం ద్వారా ఏర్పడింది. విధవ ప్రస్తావన లేనిదే ఐదువ అనే మాటకు అర్థమే లేదు.

ధర్మగ్రంథాలు ఈ గీతను స్పష్టంగా గీశాయి. స్కాందపురాణాంతర్గతమైన కాశీఖండంలోని విధవాధర్మాలు ఉద్వర్తనాన్ని, అంటే నలుగును, గంధద్రవ్యాల వాడుకను నిషేధించాయి. విధవ జడముడి భర్తకు బంధనమవుతుందని చెప్పి శిరోముండనాన్ని విధించాయి. ఈ నియమం అన్ని కులాలలో ఒకే తీరుగా అమలు కాలేదు. శిరోముండనం ప్రధానంగా బ్రాహ్మణ కుటుంబాల ఆచారం. మారుమనువు చెల్లుబాటైన కులాలు అనేకం ఉన్నాయని 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ సంపుటాలు నమోదు చేశాయి. కాని మారుమనువు ఉన్నచోట సైతం పెళ్ళి పీట మీద వధువుకు నలుగు పెట్టే చేతులు ముత్తైదువల చేతులుగానే ఉండాలన్న పట్టింపు విస్తృతంగా సాగింది. కూతురి పెళ్ళిలో నలుగు పెట్టలేక స్తంభం చాటున నిలిచిన తల్లి ఏ నలుగు పాటలోనూ లేదు. పాట ఆమెను విడిచిపెట్టింది, పాటను సేకరించిన శాస్త్రమూ ఆమెను విడిచిపెట్టింది.

వెంగమాంబ నిరాకరణ

మదనపల్లెకు చేరువలోని తరిగొండ గ్రామంలో 18వ శతాబ్దిలో జన్మించిన వెంగమాంబ చరిత్రను ఈ నేపథ్యంలో చదవవలసి ఉంది. వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, వాశిష్ఠ రామాయణం, రాజయోగసారం మొదలైన రచనలతో ఆమె తెలుగు సాహిత్యంలో స్థిరస్థానం పొందింది. తిరుమలలో ఏకాంతసేవ వేళ ఇచ్చే ముత్యాలహారతి ఆమె పేరుతో ముడిపడి నేటికీ సాగుతున్నది. ఆమె యోగవిద్యాగురువు సుబ్రహ్మణ్యదేశికుడు మదనపల్లెవాడని సంప్రదాయం చెబుతుంది.

బాల్యంలోనే వివాహమై, చిన్ననాటనే భర్తను కోల్పోయిన వెంగమాంబ వైధవ్య చిహ్నాలను స్వీకరించలేదు. తన భర్త వేంకటేశ్వరుడే కనుక తనకు వైధవ్యం లేదని ఆమె వాదం. పసుపు, కుంకుమ, పూలు, జుట్టు, వీటిలో దేనినీ ఆమె వదులుకోలేదు. ఊరి పెద్దలు ఆక్షేపించడం, పుష్పగిరి పీఠాధిపతి ఎదుట విచారణ జరగడం, అక్కడ ఆమె మహిమ చూపడం ఐతిహ్యంలోని ప్రధాన ఘట్టాలు.

ఐతిహ్యంలోని మహిమలను చరిత్రగా స్వీకరించనవసరం లేదు. ఐతిహ్యం దేనిని సంఘర్షణకు కేంద్రంగా ఎంచుకొన్నదో అది మాత్రం చారిత్రక సాక్ష్యమే. ఒక కవయిత్రి జీవితకథ ఆమె కవిత్వంకన్నా ఆమె తలవెంట్రుకల మీద, నొసటి కుంకుమ మీద ఎక్కువగా నిలిచింది. ఆ కాలంలో పసుపు కుంకుమలు అలంకార సామగ్రి మాత్రమే అయితే పీఠాధిపతుల దాకా వెళ్ళే వివాదానికి అవకాశం లేదు. అవి సంఘం ఇచ్చే అనుమతికి గుర్తులు. వెంగమాంబ ఆ అనుమతిని సంఘం నుంచి తప్పించి దైవం నుంచి నేరుగా తీసుకొన్నది.

ఇందులో ఒక పరిమితి కూడా ఉంది. భర్త ఉంటేనే అలంకరణ అనే సూత్రాన్ని ఆమె ఖండించలేదు. తన భర్త మరణం లేనివాడు అన్నది. సూత్రం నిలిచింది, ఆమె మాత్రం దాని పట్టు నుంచి బయటపడింది. ఆమెకు దాదాపు సమకాలికురాలైన తంజావూరు ముద్దుపళని దేవదాసీ సంప్రదాయానికి చెందినది. మానవభర్త లేని దేవదాసి నిత్యసుమంగళి. ఆమెకు వైధవ్యం రాదు, పూలు వాడవు. రాధికాసాంత్వనంలో రాధ తాను పెంచిన ఇళాదేవిని కృష్ణుని వద్దకు పంపుతూ బోధించే ఘట్టం శృంగార విద్య స్త్రీ నుంచి స్త్రీకి అందిన తీరుకు సాక్ష్యం. భక్తురాలు, దేవదాసి అనుసరించిన మార్గాలు పరస్పర విరుద్ధంగా కనిపించినా రెండింటికీ ఆధారం ఒక్కటే. దైవాన్ని భర్తగా నిలిపితేనే అలంకరణ శాశ్వతమైంది.

గంగమ్మ పసుపు

ఈ సూత్రానికి పూర్తిగా వెలుపల ఉన్న సంప్రదాయం గ్రామదేవతారాధనలో దొరుకుతుంది. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర జమీందారుల కోటతో ముడిపడి సాగుతున్నది. కుప్పంలో ప్రసన్న తిరుపతి గంగమ్మ జాతర జరుగుతున్నది. ఈ ఆరాధనకు ప్రసిద్ధ కేంద్రం తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ. ఆమె వేంకటేశ్వరునికి చెల్లెలు. జాతరవేళ తిరుమల దేవస్థానం నుంచి ఆమెకు పసుపు, కుంకుమ, చీరలతో సారె వెళ్తుంది. స్త్రీలను చెరచిన పాలెగాణ్ణి వెతికి చంపినది గంగమ్మ అని కథ. వేషధారులు రోజుకొక వేషంతో, చందనం, కుంకుమ, బొగ్గు వంటివి పూసుకొని ఊరు తిరుగుతారు. పురుషులు చీర కట్టి, పూలు ముడిచి, నగలు ధరించి మొక్కు చెల్లిస్తారు.

గంగమ్మకు భర్త లేడు. అయినా ఆమె పసుపుముద్ద, కుంకుమరాశి. ఆమె పసుపు దాంపత్యాన్ని సూచించదు. ఉగ్రాన్ని చల్లార్చి, ఊరిని కాపాడే శక్తిని సూచిస్తుంది. దానిని ఇచ్చేది భర్త కాదు, అన్న. తెలుగు సమాజంలో పుట్టింటివారు ఆడబిడ్డకు ఇచ్చే భూమిని పసుపుకుంకుమ కింద ఇచ్చిన భూమి అనడం ఈ భావానికి లౌకికరూపం. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వయంసహాయక సంఘాల స్త్రీలకు ఇచ్చిన ఆర్థికసాయానికి పసుపు కుంకుమ అనే పేరు పెట్టినప్పుడు ఆ పేరు అందరికీ వెంటనే అర్థమైంది. పసుపును పెనిమిటితో ముడిపెట్టిన అర్థంతోపాటు, పుట్టింటితో, ఆస్తితో, రక్షణతో ముడిపెట్టిన మరొక అర్థం ఈ నేల మీద జీవించి ఉంది. శాస్త్రగ్రంథాల ఆధారంతో మాత్రమే సౌందర్యాచారాల చరిత్ర రాస్తే ఈ రెండవ అర్థం జారిపోతుంది.

పచ్చబొట్టును కూడా ఈ సందర్భంలోనే పరిశీలించాలి. ఊరూరా తిరిగి పచ్చ పొడిచే పని ఎరుకల స్త్రీల జీవనోపాధి అని థర్‌స్టన్ సంపుటాలు పేర్కొన్నాయి. బంగారం కొనలేని స్త్రీకి అది నగ. చచ్చిన తరువాత వెంట వచ్చేది అదొక్కటేనన్న నమ్మకం ప్రజల్లో ఉంది. నమ్మకం సంగతి ఎలా ఉన్నా ఒక వాస్తవం ఉంది. గాజులు పగలగొట్టవచ్చు, కుంకుమ తుడిచివేయవచ్చు, జుట్టు తీయించవచ్చు. పచ్చబొట్టును ఎవరూ చెరపలేరు. వైధవ్యపు చేతికి అందని అలంకారం అదే.

సబ్బు, సాచెట్, కొత్త అనుమతి

ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో పొరుగునే ఉన్న మైసూరు సంస్థానం 1916లో గంధపు నూనె కర్మాగారాన్ని, 1918లో బెంగుళూరులో సబ్బుల కర్మాగారాన్ని ప్రారంభించింది. రైలుమార్గం మీద ఉన్న కుప్పానికి బెంగుళూరు సరుకు దూరం కాదు. 1983లో తమిళనాడులో మొదలైన చిక్ షాంపూ సాచెట్ పల్లెటూరి తలస్నానాన్ని చిల్లరడబ్బుల పరిధిలోకి తెచ్చింది. కుంకుడును కొట్టి, నానబెట్టి, పిసికి, వడకట్టే శ్రమ తప్పింది.

ఈ మార్పును సంప్రదాయ క్షీణతగా మాత్రమే చూడటం ఏకపక్షం. సబ్బు మంగళద్రవ్యం కాదు. దానికి ఐదోతనం లేదు. కొనగలిగినవారందరిదీ అది. 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. 1881లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించాడు. ఆ సంస్కరణలు వైధవ్యం నుంచి వివాహం ద్వారా బయటపడే దారి చూపాయి. సబ్బు, పౌడరు, షాంపూ వంటి అంగడి సరుకులు వివాహంతో నిమిత్తం లేకుండా ఒంటిని శుభ్రపరచుకొనే, పరిమళింపజేసుకొనే వీలు కల్పించాయని భావించవచ్చు. అయితే అనుమతి అడిగే పద్ధతి అంతరించలేదు. సంఘం స్థానంలో ధర కూర్చుంది.

కుంకుడు, సీకాయ, నలుగుపిండి నేడు సహజ సౌందర్యం పేరుతో ఆకర్షణీయమైన పొట్లాలలో తిరిగి వస్తున్నాయి. పొట్లం మీద ద్రవ్యగుణం ఉంటుంది, వాడే విధానం ఉంటుంది. ఆ పిండిని తాకరాదని ఒకనాడు శాసించిన నియమం ఉండదు. వ్యాపారి దానిని రాయనవసరం లేదు. పరిశోధకుడు రాయకపోవడానికి మాత్రం కారణం లేదు.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల సౌందర్యద్రవ్యాలు మెట్టసాగు, అడవి, పాడి, సంత అనే నాలుగు ఆధారాల మీద నిలిచినవి. వాటి పదజాలం మూడు భాషల ఇచ్చిపుచ్చుకోళ్ళకు ఆనవాలు. అన్నింటికంటే ముఖ్యంగా ఈ ద్రవ్యాల వాడుక ఒక అధికారవ్యవస్థకు లోబడి సాగింది. ఆ వ్యవస్థను తరిగొండ వెంగమాంబ దైవం పేరిట దాటింది, గంగమ్మ ఆరాధన పట్టించుకోలేదు, పచ్చబొట్టు చెరగక నిలిచింది, అంగడి సరుకు పక్కకు నెట్టింది.

కనుక ఇకమీదట జరిగే క్షేత్రసేకరణలో ప్రతి నలుగు పాటతోపాటు ఆ నలుగు ఎవరు పెట్టారు, ఎవరిని పెట్టనివ్వలేదు అనే రెండు ప్రశ్నలు చేరాలి. సేకరించిన ప్రతి తయారీ విధానంతోపాటు కాయ ఏరిన చేయి, గానుగ తిప్పిన చేయి నమోదు కావాలి. ముత్తైదువల జ్ఞాపకాలతో సమానంగా వితంతువుల జ్ఞాపకాలను కూడా ఆధారాలుగా స్వీకరించాలి. శిరోముండనం, పూల నిషేధం తమ ఇళ్ళలో చూసిన తరం వేగంగా తరిగిపోతున్నది. సీకాయ గుణాలను ఏ ప్రయోగశాలలోనైనా ఎప్పుడైనా పరీక్షించవచ్చు. స్తంభం చాటున నిలిచిన తల్లి మాటను వినడానికి మిగిలిన కాలం స్వల్పం.